విదేశాల్లో మన నర్సింగ్ పట్టాకు గుర్తింపు: ఏ దేశం దారి ఎవరికి సరిపోతుంది?

హైదరాబాదులో ఐదేళ్లపాటు ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న రోగులను చూసుకున్న నేను, జర్మనీలో దిగిన తరువాత పదకొండు నెలలు నర్సు సహాయకురాలి బ్యాడ్జితో పనిచేశాను. నా బీఎస్సీ పట్టాలో లోపమేమీ లేదు. జర్మనీ చట్టం దృష్టిలో అది ఇంకా నర్సు పట్టా కాలేదు, అంతే. మా చెల్లెలు జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చదివింది. 2022లో ఇంగ్లండు వెళ్లిన మూడు నెలలకే అక్కడ రిజిస్టర్డ్ నర్సు అయింది. మా అమ్మకు ఈ లెక్క ఎంత చెప్పినా అర్థం కాలేదు. "పెద్ద చదువు నీది కదమ్మా, ఆలస్యం నీకెందుకయింది?" అని ఫోనులో ప్రతి ఆదివారం అడిగేది.

అమ్మ అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. ఏ దేశంలో జీతమెంత అని చాలామంది ముందుగా అడుగుతారు. నన్నడిగితే ముందు చూసుకోవలసింది మరొకటి: మన పట్టా చేతిలో ఉండి, ఆ దేశపు రిజిస్ట్రేషన్ ఇంకా చేతికి రాని ఆ నడిమికాలం. అది ఎన్ని నెలలు? ఆ నెలలు ఇంటి దగ్గర గడుస్తాయా, పరాయి ఊళ్లోనా? అప్పుడు మన హోదా ఏమిటి, ఖర్చు ఎవరిది? దేశానికీ దేశానికీ నిజమైన తేడా ఇక్కడే ఉంది. జీతాల తేడా దాని తరువాతే.

ఒక గందరగోళాన్ని ముందే తీర్చాలి. పట్టా విలువ కట్టించడం వేరు, వృత్తి చేసే అనుమతి వేరు. జర్మనీలో జెడ్‌ఏబీ అనే కేంద్ర సంస్థ, ఉత్తర అమెరికాలో డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలు మన డిగ్రీ అక్కడి ఏ డిగ్రీకి సమానమో చెబుతూ ఒక పత్రం ఇస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అది చాలు. చాలాసార్లు అదీ అక్కర్లేదు. నర్సు, డాక్టరు, ఫిజియోథెరపిస్టు, బడి పంతులు వంటి నియంత్రిత వృత్తులవారికి మాత్రం ఆ పత్రంతో రోగి మంచం దగ్గరికి వెళ్లే హక్కు రాదు. ఆ దేశపు నర్సింగ్ మండలి గానీ, రాష్ట్ర అధికారి గానీ విడిగా అనుమతి ఇవ్వాలి. ఈ తేడా తెలియక ముందుగా డిగ్రీ మదింపుకు డబ్బు కట్టి, తరువాత తలపట్టుకున్న నర్సులను నేను చూశాను.

ముందు ఇంటి దగ్గరి కాగితాలు

ఏ దేశం ఎంచుకున్నా ఈ పని తప్పదు. మన తెలుగువాళ్లకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది: ఇంటిపేరు. పదో తరగతి మెమోలో "కె. శ్రీలత", డిగ్రీలో "కొండపల్లి శ్రీలత", పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో వేసి ఇంటిపేరు గడి ఖాళీ, నర్సింగ్ కౌన్సిల్ కార్డులో పెళ్లి తరువాతి ఇంటిపేరు. మనకు నలుగురూ ఒకే శ్రీలత. అక్కడ ఫైలు చూసే అధికారికి నలుగురు వేర్వేరు మనుషులు. అందుకే ఇకమీదట రాసే ప్రతి పరీక్షకూ, ఇంగ్లీషు పరీక్షలైన ఐఈఎల్‌టీఎస్ కానివ్వండి, ఓఈటీ కానివ్వండి, జర్మన్ భాషా పరీక్ష కానివ్వండి, పాస్‌పోర్టులో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా రాయించండి. పాతవాటికి, ఈ పేర్లన్నీ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ ముందుగానే సిద్ధం చేసుకోండి. అక్షరాలే తేడాగా ఉంటే, అంటే "లక్ష్మి"కి ఒకచోట ఒక స్పెల్లింగు, మరోచోట మరో స్పెల్లింగు ఉంటే, అఫిడవిట్‌తో సరిపెట్టుకోవద్దు. జారీ చేసిన కార్యాలయంలోనే దిద్దించుకోవాలి.

రెండో చిక్కు విశ్వవిద్యాలయం పేరు. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం చాలాకాలం ఎన్టీఆర్ పేరుతో ఉంది. 2022లో వైఎస్సార్ పేరుకు మారింది. 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. పట్టా మీద ఒక పేరు, మార్కుల జాబితా మీద మరో పేరు ఉన్నవారు మన రాష్ట్రంలో చాలామందే ఉంటారు. రెండూ ఒకే విశ్వవిద్యాలయమని తెలిపే లేఖను అక్కడి నుంచే తీసుకుని ఫైలులో పెట్టండి. తెలంగాణలో కాళోజీ విశ్వవిద్యాలయం ఏర్పడక ముందు చేరి, తరువాత చదువు పూర్తిచేసినవారు కూడా తమ పత్రాలన్నీ ఒకచోట పెట్టి సరిచూసుకోవాలి. రాష్ట్ర విభజనకు ముందు ఉమ్మడి కౌన్సిల్‌లో నమోదైనవారు తమ రికార్డు ఇప్పుడు ఏ కౌన్సిల్ దగ్గర ఉందో మొదట కనుక్కోవాలి. విదేశీ మండలి వివరాల కోసం నేరుగా రాసేది ఆ కౌన్సిల్‌కే.

మూడోది గంటల పట్టిక. ఐరోపా దేశాల నిబంధన ప్రకారం సాధారణ నర్సింగ్ శిక్షణ కనీసం 4,600 గంటలు ఉండాలి. జర్మనీలో దాన్ని 2,100 గంటల పాఠంగా, 2,500 గంటల ఆసుపత్రి పనిగా విభజించారు. మన మార్కుల జాబితా ఈ లెక్క చెప్పదు. ఏ సబ్జెక్టుకు ఎన్ని గంటల పాఠం, ఏ వార్డులో ఎన్ని గంటల పని అన్నది కళాశాల లెటర్‌హెడ్ మీద, ముద్రతో, సంతకంతో కావాలి. మా కళాశాలలో దీనికోసం నాలుగు సార్లు తిరిగాను. ప్రిన్సిపాల్ మారితే పాత రిజిస్టర్లు దొరకవని భయపెట్టారు కూడా. చదువు పూర్తయిన ఏడాదే ఈ పట్టిక తీసుకుని దాచుకున్నవారు నిజంగా అదృష్టవంతులు.

అపొస్టిల్ గురించి ఒక్క మాట. మన పత్రం అసలైనదేనని విదేశాల కోసం ప్రభుత్వం వేసే ముద్ర అది. భారత్ 2005లో హేగ్ ఒప్పందంలో చేరింది గానీ, మన చేరికకు జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందువల్ల జర్మనీకి పంపే పత్రాలకు ముందుగా అపొస్టిల్ వేయించి డబ్బు పోగొట్టుకోవద్దు. మీ ఫైలు చూసే అధికారి ఏది అడుగుతారో రాతపూర్వకంగా తెలుసుకుని, అప్పుడు చేయించండి. పత్రాల అనువాదం కూడా అంతే. ప్రమాణం చేసిన అనువాదకుల చేతనే చేయించమంటారు, ఆ అనువాదకులు ఎక్కడివారై ఉండాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

బ్రిటన్: పరీక్షల దారి

బ్రిటన్ దారి స్పష్టంగా ఉంటుంది. అక్కడి నర్సింగ్ మండలి ఎన్‌ఎంసీ మన సిలబస్‌ను గంట గంటా లెక్కపెట్టదు. మనకు పని వచ్చా లేదా అని పరీక్షిస్తుంది. ఇంగ్లీషు పరీక్షలో ఐఈఎల్‌టీఎస్ అయితే చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 రావాలి. ఓఈటీ అయితే మొదటి మూడింటిలో బి గ్రేడు, రాయడంలో సి ప్లస్. ఆ తరువాత సీబీటీ అనే కంప్యూటర్ పరీక్ష. మందుల లెక్కల భాగంలో 15 ప్రశ్నలు, నర్సింగ్ భాగంలో 100 ప్రశ్నలు ఉంటాయి. రుసుము 83 పౌండ్లు. దీన్ని ఇండియాలోనే రాసుకోవచ్చు. ఇంతవరకు మీరు ఇంట్లోనే ఉంటారు, ఉద్యోగం వదలక్కర్లేదు.

చివరిది ఓస్కీ. దానికి బ్రిటన్ వెళ్లాలి. పది స్టేషన్ల ప్రాక్టికల్ పరీక్ష, రుసుము 794 పౌండ్లు, అంటే 90 వేల రూపాయలకు పైనే. తీసుకువెళ్లే ఆసుపత్రి మొదటిసారికి కట్టడం పరిపాటి. ఒక దరఖాస్తు మీద మూడు అవకాశాలు ఉంటాయి. మూడూ పోతే ఆరు నెలలు ఆగి కొత్తగా మొదలుపెట్టాలి. మా చెల్లెలు మొదటిసారి రెండు స్టేషన్లలో తప్పింది. పని రాక కాదు. ఇంజెక్షన్ ఇచ్చే ముందు రోగి చేతిపట్టీ చూసి పేరు, పుట్టిన తేదీ, అలర్జీలు పైకి అడగాలి. తను మనసులో చదువుకుని సరేననుకుంది. మన వార్డుల్లో ఒక్క నర్సు ముప్పై మందిని చూసే హడావిడిలో అలవాటు పోయిన మాటలివి. బొమ్మతో మాట్లాడటానికి సిగ్గుపడకుండా, చేసే ప్రతి పనినీ నోటితో చెబుతూ చేయడమే ఓస్కీకి సగం తయారీ.

నడిమికాలం విషయంలో బ్రిటన్‌ను మించినది నాకు కనిపించలేదు. కానీ 2022 నాటి పరిస్థితి ఇప్పుడు లేదన్నది కూడా అంతే గట్టిగా చెప్పాలి. 2024-25లో విదేశాల నుంచి కొత్తగా ఎన్‌ఎంసీ రిజిస్టర్‌లో చేరినవారు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 30 శాతం తగ్గారు. ఆసుపత్రులు బయటివారిని తీసుకోవడం తగ్గించాయి. ఐదేళ్లకు వచ్చే స్థిరనివాసాన్ని పదేళ్లకు పెంచాలన్న ప్రతిపాదనను 2025 మేలో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. కేర్ వర్కర్ వీసాపై విదేశాల నుంచి కొత్తవారిని తీసుకోవడం 2025 జులై 22తో ఆగిపోయింది. ఇప్పటికీ "ముందు కేర్ వర్కర్‌గా వెళ్లు, అక్కడ నర్సువవుతావు" అని చెప్పే ఏజెంటు కనిపిస్తే, కట్టిన అడ్వాన్సు గురించి ఆలోచించకుండా వెనక్కి రండి.

జర్మనీ: భాష దారి

జర్మనీకి మన నర్సులు కావాలి, అందులో సందేహం లేదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతున్నది అందుకే. ఇక్కడ నర్సింగ్ అంటే మూడేళ్ల వృత్తి శిక్షణ. కాబట్టి జీఎన్‌ఎం వారిని తక్కువగా, బీఎస్సీ వారిని ఎక్కువగా చూడటం ఉండదు. వచ్చిన చిక్కల్లా భాషతోనే. నర్సుగా అనుమతి కావాలంటే సాధారణంగా జర్మన్‌లో బీ2 స్థాయి, అంటే ఆరు మెట్లలో నాలుగోది, ఉండాలి. ఏమీ రాని స్థితి నుంచి అక్కడికి చేరడానికి పూర్తికాలం చదివినా ఏడాది దగ్గర పడుతుంది. కొన్ని రాష్ట్రాలు దానిపైన నర్సింగ్ పరిభాషలో విడిగా పరీక్ష పెడతాయి.

దరఖాస్తు వెళ్లేది కేంద్రానికి కాదు, మీరు పనిచేయబోయే రాష్ట్రపు అధికారికి. ఎక్కడ గుర్తింపు వచ్చినా దేశమంతా చెల్లుతుంది, కానీ ఫైలు నడిచే వేగం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పరిశీలన తరువాత మనవాళ్లకు సాధారణంగా వచ్చేది లోటు పత్రం. మీ శిక్షణలో ఫలానా ఫలానా భాగాలు తక్కువయ్యాయి అని చెప్పే లేఖ అది. ఆ లేఖ చూసి ఏడవకండి. నేను ఏడ్చాను, అనవసరంగా. అది తిరస్కరణ కాదు. ఏం పూరించాలో చెప్పే కాగితం, వీసాకు ఆధారం కూడా అదే.

పూరించడానికి రెండు దారులు. ఒకటి కెన్ట్‌నిస్ ప్రూఫుంగ్, అంటే జ్ఞాన పరీక్ష: వార్డులో నిజమైన రోగులను చూసుకుంటూ పరీక్షకుల ముందు సంరక్షణ ప్రణాళిక రాసి, పని చేసి చూపాలి. మౌఖిక పరీక్ష విడిగా ఉంటుంది. తప్పితే మరొక్క అవకాశం. రెండోది అన్‌పాసుంగ్స్ లేర్‌గాంగ్, సర్దుబాటు శిక్షణ: తక్కువైన వార్డుల్లో నెలల తరబడి పనిచేసి, చివర ఒక సంభాషణతో ముగించడం. పరీక్ష దారి త్వరగా తేలుతుంది, శిక్షణ దారి నెమ్మది గానీ గుండె దడ తక్కువ. నేను పరీక్ష ఎంచుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇలా చెబుతాను: మీ ఆసుపత్రి డ్యూటీ గంటల్లోనే పరీక్షకు తయారు చేయిస్తానంటే పరీక్ష రాయండి. రాత్రి షిఫ్టులు చేస్తూ సొంతంగా చదువుకోవాల్సి వస్తే శిక్షణ అడగండి. కొంత ఆలస్యమైనా ఫరవాలేదు, రెండోసారి తప్పితే తిరుగు టిక్కెట్టు గురించి ఆలోచించాల్సి వస్తుంది.

ఈ నెలల్లో జీతం సహాయకురాలిదే. జీతం కన్నా బాధపెట్టేది పని తీరు. మన దగ్గర రోగికి ఒళ్లు తుడవడం, తినిపించడం బంధువులో ఆయాలో చేస్తారు, నర్సు సెలైన్లు, ఇంజెక్షన్లు చూస్తుంది. ఇక్కడ స్నానం, తిండి, పక్క మార్చడం పూర్తి అర్హత ఉన్న నర్సు చేసే పనే. సిరలోకి సూది ఎక్కించడం చాలాచోట్ల డాక్టరు చేస్తారు. "నేను నేర్చుకున్నదంతా ఏమైపోయింది" అని మొదటి నెలల్లో ఏడ్చే అమ్మాయిలున్నారు. ముందే తెలిసి వస్తే ఆ దెబ్బ సగానికి తగ్గుతుంది. పక్క మీద కదలలేని ముసలాయన వీపు తుడుస్తూ చర్మం రంగు చూసి పుండు పడబోతోందని కనిపెట్టడం కూడా గొప్ప నర్సింగేనని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఇక్కడ ఎవరూ చెప్పని ఒక లెక్క ఉంది. నైపుణ్య ఉద్యోగులకు జర్మనీలో మూడేళ్లకే స్థిరనివాసం అడిగే వీలుంది. ఆ మూడేళ్లు మొదలయ్యేది గుర్తింపు వచ్చి, నైపుణ్య ఉద్యోగి అనుమతి చేతికి వచ్చిన రోజు నుంచి. గుర్తింపు కోసం ఇచ్చే వీసాపై గడిచిన నెలలు అందులోకి రావు. నా పదకొండు నెలలు అలాగే పోయాయి.

మరో హెచ్చరిక. అర్హత ఉన్న నర్సుకు కూడా కొందరు ఏజెంట్లు "ఔస్‌బిల్డుంగ్", అంటే మొదటి నుంచి మూడేళ్ల శిక్షణ, అంటగడుతున్నారు. ఇంటర్మీడియట్‌తో ఆగినవారికి అది మంచి దారి, శిక్షణలో భృతి కూడా ఇస్తారు. మూడు నాలుగేళ్లు చదివి కౌన్సిల్‌లో నమోదైన నర్సు మళ్లీ మొదటి తరగతిలో కూర్చోవాల్సిన అవసరం లేదు.

మిగిలిన దారులు

ఐర్లండ్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. భాష ఇంగ్లీషే. మండలి ఎన్‌ఎంబీఐ మాత్రం ఐరోపా పద్ధతిలో మన శిక్షణను పరిశీలించి నిర్ణయ లేఖ ఇస్తుంది. ఆ తరువాత ఆసుపత్రిలో కొన్ని వారాల సర్దుబాటు శిక్షణ గానీ, డబ్లిన్‌లో ఆర్‌సీఎస్‌ఐ అనే వైద్య విశ్వవిద్యాలయం నిర్వహించే అర్హతా పరీక్ష గానీ. కుటుంబం ఉన్నవారు దీన్ని తప్పక పరిశీలించాలి. నర్సులకు ఇచ్చే క్రిటికల్ స్కిల్స్ అనే పని అనుమతిపై జీవిత భాగస్వామిని మొదట్లోనే తెచ్చుకోవచ్చు, వారు ఉద్యోగమూ చేసుకోవచ్చు. డబ్లిన్‌లో ఇంటి అద్దె ఎంతో ముందే చూసుకోండి.

ఆస్ట్రేలియాలో నడిమికాలం మీ సొంత జేబులోంచి గడుస్తుంది. మొదట ఆన్‌లైన్ స్వీయ పరిశీలన, తరువాత ఎన్‌క్లెక్స్ అనే కంప్యూటర్ పరీక్ష, ఆ తరువాత ఆస్ట్రేలియా వెళ్లి రాసే 4,000 ఆస్ట్రేలియా డాలర్ల ఓస్కీ. అది కూడా ఉద్యోగం లేకుండా, విమాన ఖర్చు మీరే పెట్టుకుని. డిగ్రీ స్థాయి చదువు అడుగుతారు కాబట్టి జీఎన్‌ఎం ఒక్కటే ఉన్నవారికి ఇది కష్టమైన తలుపు. అయితే 2025లో వారు కొత్త దారి తెరిచారు: బ్రిటన్, ఐర్లండ్, సింగపూర్ వంటి కొన్ని దేశాల్లో నమోదై 1,800 గంటలు పనిచేసిన నర్సులకు ఈ పరీక్షలు లేకుండా రిజిస్ట్రేషన్ ఇస్తారు. అందువల్ల ఆస్ట్రేలియా మీద మనసున్నవారికి బ్రిటన్ లేదా ఐర్లండ్ మీదుగా వెళ్లమనే చెబుతాను. మా చెల్లెలు ఇప్పుడు ఆ లెక్కలోనే ఉంది.

అమెరికా పరీక్ష ఎన్‌క్లెక్స్ కష్టమైనదే గానీ రాయలేనిది కాదు. ఆగేది వీసా దగ్గర. నర్సులకు గ్రీన్‌కార్డు వచ్చే ఈబీ-3 వరుసలో భారతీయులకు పదేళ్లకు పైబడిన నిరీక్షణ ఉంది. చేతిలో లైసెన్సు, ఇంట్లో ఎదురుచూపు. భర్త ఇప్పటికే హెచ్1బీ మీద ఉండి, ఆయన గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం పొంది ఉంటే మాత్రం లెక్క మారుతుంది. భార్యకు పని అనుమతి వచ్చే వీలుంది కాబట్టి ఆమె ఈలోగా పరీక్ష పాసై ఉండటం తెలివైన పని.

గల్ఫ్‌లో గుర్తింపు తొందరగా వస్తుంది: డేటాఫ్లో అనే సంస్థ చేసే పత్రాల తనిఖీ, ఒక కంప్యూటర్ పరీక్ష, కొంత పని అనుభవం. ఆ లైసెన్సు ఐరోపాలో చెల్లదు, అనుభవం మాత్రం లెక్కకు వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అక్కడి మండలి నుంచి సత్ప్రవర్తన పత్రం తీసుకోకుండా విమానం ఎక్కవద్దు. తరువాత ఏ దేశానికి దరఖాస్తు చేసినా దాన్ని అడుగుతారు.

ఎవరికి ఏది

ఇంగ్లీషు బాగా వచ్చి, త్వరగా నర్సు హోదా కావాలనుకునే ఒంటరి అమ్మాయికి ఉద్యోగ ఆఫర్ దొరికితే బ్రిటనే. ఆఫర్ దొరక్కపోతే సీబీటీ రాసి కూర్చోవద్దు, దాని ఫలితానికి రెండేళ్ల గడువుంది. భర్త, పిల్లలతో వెళ్లాలంటే ఐర్లండ్. జీఎన్‌ఎం చదివి, ఇంగ్లీషు పరీక్షలో రాత భాగం మళ్లీ మళ్లీ తప్పుతున్నవారు జర్మన్ వైపు చూడండి. ఇది వింతగా అనిపించవచ్చు. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగుసార్లు తప్పిన నా సహోద్యోగిని జర్మన్‌ను ఒకటో తరగతి పిల్లలా నేర్చుకుని మొదటిసారే బీ2 దాటింది. ఏడాది పాటు రోజుకు నాలుగు గంటలు కూర్చోలేనని తెలిసినవారు మాత్రం జర్మనీ జోలికి రావద్దు. సగం భాషతో వచ్చినవారి నడిమికాలం ఏళ్లకు సాగడం నేను కళ్లారా చూశాను.

డబ్బు విషయం. భారత చట్టం ప్రకారం నమోదైన ఏజెంటు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి వసూలు చేయకూడదు. ఏజెంటు నమోదు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలు, ముందు వాటినే అడగండి. బ్రిటన్ నియమావళి నర్సు నుంచి ఉద్యోగ రుసుము తీసుకోవద్దంటుంది. జర్మనీలో న్యాయమైన నియామకాలకు ప్రభుత్వ ముద్ర ఒకటుంది, అది ఉన్న సంస్థలు ఖర్చు తామే భరిస్తాయి. నా దగ్గర ఒక ఏజెన్సీ మూడు లక్షలు తీసుకుంది. అవి మా నాన్న మిర్చి పంట డబ్బులు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

ఇంటర్వ్యూలో ఆసుపత్రివారు చివర "మీరేమైనా అడగాలా?" అంటారు. మనం మొహమాటపడి లేదంటాం. అడగండి. గుర్తింపు వచ్చేదాకా నా హోదా ఏమిటి, జీతమెంత? పరీక్ష రుసుము, తయారీ తరగతులు ఎవరి ఖర్చు? ఒప్పందం మధ్యలో వదిలితే ఎంత తిరిగి కట్టాలి, నెల నెలా ఆ మొత్తం తగ్గుతుందా? నేను మొదటిసారి తప్పితే ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు మంచి ఆసుపత్రి తడుముకోదు. మా వార్డు పెద్దనర్సును అడిగితే, నిరుడు తప్పిన ఇద్దరి పేర్లు చెప్పి, వాళ్లిప్పుడు ఏ అంతస్తులో పనిచేస్తున్నారో కూడా చెప్పింది. ఆ సాయంత్రమే సంతకం చేశాను.